ఏడాది ఫీజు లేని క్రెడిట్ కార్డు: విశాఖలో మావాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

గాజువాకలో మా వీధిలో గానీ, ఆటోనగర్‌లో మా ఆఫీసులో గానీ ఎవరికైనా క్రెడిట్ కార్డు ఆలోచన వస్తే ముందు నా దగ్గరికే వస్తారు. కొన్నేళ్ళ క్రితం ఒక కార్డు విషయంలో నాకు దెబ్బ తగిలింది, అప్పట్నుంచి ఏ కార్డు షరతులైనా చివరి పేజీ దాకా చదవడం అలవాటు చేసుకున్నాను. అందరూ అడిగేవి ఇంచుమించు ఇవే ప్రశ్నలు కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను. నాకు ఏ బ్యాంకు నుంచీ కమీషన్ రాదు, ఏ కార్డూ అమ్మడం లేదు.

"ఫ్రీ కార్డు సార్" అంటారు కదా, ఆ ఫ్రీ అంటే అర్థం ఏమిటి?

మూడు రకాల కార్డుల్ని ఈ ఒక్క మాటతో అమ్ముతారు, తిరకాసు అంతా ఇక్కడే ఉంది. మొదటిది నిజంగా లైఫ్‌టైమ్ ఫ్రీ, అంటే తీసుకునేటప్పుడు జాయినింగ్ ఫీజు లేదు, ఏటా కట్టే ఫీజూ లేదు. రెండోది మొదటి ఏడాది మాత్రమే ఫ్రీ, పదమూడో నెలలో ఫీజు పడుతుంది. మూడోదానికి ఫీజు ఉంటుంది, కానీ ఏడాదిలో ఫలానా మొత్తం ఖర్చు పెడితే మాఫీ చేస్తారు.

నాకు జరిగింది రెండో రకం. ఒక షాపింగ్ మాల్లో మెట్ల పక్కన టేబుల్ వేసుకుని కూర్చున్న కుర్రాడు "ఒక్క రూపాయి కట్టక్కర్లేదు సార్, ఫ్రీ" అన్నాడు, ఆధార్, పాన్, జీతం స్లిప్పులు ఇచ్చి సంతకం పెట్టేశాను. ఏడాది బాగానే గడిచింది. ఆ తర్వాత వచ్చిన స్టేట్‌మెంట్‌లో పెట్రోలు, కిరాణా మధ్య ఒక వరుసలో "యాన్యువల్ ఫీజు 499.00" అని, దాని కిందే "జీఎస్టీ 89.82" అని ఉన్నాయి. మొత్తం 588 రూపాయల 82 పైసలు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఆ అమ్మాయి మర్యాదగానే చెప్పింది, "మీరు సంతకం పెట్టిన ఫారంలో మొదటి ఏడాదికే అని ఉంది సార్" అని. బీరువాలోంచి తీసి చూస్తే నిజంగానే ఉంది, నాలుగో పేజీలో, ఆవగింజంత అక్షరాల్లో. ఆరువందల రూపాయలతో కొంపలు మునిగిపోవు, నిజమే, కానీ నన్ను కూర్చోబెట్టి, టీ తెప్పించి మరీ ఆ కుర్రాడు చెప్పిన మాట అది కాదు కదా.

మరి నిజంగా లైఫ్‌టైమ్ ఫ్రీ అని ఎలా తెలుసుకోవాలి?

నోటిమాట నమ్మొద్దు, వాట్సాప్‌లో పంపే రంగుల బొమ్మ అసలే నమ్మొద్దు. అప్లికేషన్‌తో పాటు బ్యాంకు ఒక పేజీ కాగితం ఇవ్వాలి, కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అంటారు, అందులో వడ్డీ ఎంత, ఛార్జీలెంత అన్నీ ఉంటాయి. "మోస్ట్ ఇంపార్టెంట్ టర్మ్స్ అండ్ కండిషన్స్" అని ఇంకో పత్రం ఉంటుంది, దాన్ని బ్యాంకుల్లో ఎంఐటీసీ అంటారు. ఈ రెండింట్లో ముందు చూడాల్సిన వరుసలు రెండే: జాయినింగ్ ఫీజు, యాన్యువల్ లేదా రెన్యువల్ ఫీజు. రెండు చోట్లా సున్నా ఉండాలి. "మొదటి ఏడాది" అనే మాట గానీ, పక్కన నక్షత్రం గుర్తు (*) గానీ కనబడితే పేజీ కింద ఆ గుర్తుకి ఏం రాశారో చదవండి.

2022లో రిజర్వ్ బ్యాంకు క్రెడిట్ కార్డుల మీద ఇచ్చిన నిబంధనల్లో ఒక మాట స్పష్టంగా ఉంది: ఉచితంగా ఇచ్చే కార్డులకి దాచిన ఛార్జీలు ఏవీ ఉండకూడదు. ఛార్జీలు మార్చాలంటే కనీసం నెల ముందు చెప్పాలి, ఆ మార్పు నచ్చక మీరు కార్డు వదిలేస్తానంటే అందుకు అదనంగా ఏమీ వసూలు చేయకూడదు. ఈ సంగతి తెలిసి మాట్లాడితే అవతలివాళ్ళ గొంతు మారుతుంది, నేను చూశాను.

ఇంకో పని కూడా చేయండి. కార్డు ఓకే అయ్యాక వచ్చే మెయిల్‌ని డిలీట్ చేయకుండా ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి. అందులో "లైఫ్‌టైమ్ ఫ్రీ" అని ఉంటే రెండేళ్ళ తర్వాత వాదించడానికి అదే మీ ఆధారం.

ఫీజు తీసుకోకపోతే బ్యాంకుకి ఏం మిగులుతుంది?

మీరు కార్డు గీకిన ప్రతిసారీ దుకాణదారు నుంచి కొంత శాతం కోసుకుంటారు, అందులో కార్డు ఇచ్చిన బ్యాంకుకి వాటా వస్తుంది. మిగతా సంపాదన అంతా బిల్లు పూర్తిగా కట్టని వాళ్ళ దగ్గర, ఆలస్యంగా కట్టేవాళ్ళ దగ్గర, ఈఎంఐల మీద. అంటే బిల్లు గడువులోపల మొత్తం కట్టేవాడికి మాత్రమే ఫ్రీ కార్డు నిజంగా ఫ్రీ.

పేర్లు చెప్పండి, ఏవి తీసుకోవచ్చు?

ఎక్కువమంది అడిగేవి చెప్తాను. అమెజాన్ పే ఐసీఐసీఐ కార్డుకి జాయినింగ్ ఫీజు, ఏడాది ఫీజు రెండూ లేవు. అమెజాన్ ప్రైమ్ సభ్యత్వం ఉన్నవాళ్ళకి అమెజాన్ కొనుగోళ్ళ మీద 5 శాతం, ప్రైమ్ లేనివాళ్ళకి 3 శాతం, బయట మామూలు ఖర్చు మీద 1 శాతం వెనక్కి వస్తుంది, అదీ పాయింట్ల గొడవ లేకుండా నేరుగా అమెజాన్ పే బ్యాలెన్స్‌లో పడుతుంది. ఐడీఎఫ్‌సీ ఫస్ట్ బ్యాంకు మిలీనియా కార్డు కూడా లైఫ్‌టైమ్ ఫ్రీనే, ఇది పాయింట్లు ఇచ్చే కార్డు. విదేశాలకి వెళ్ళేవాళ్ళు ఫెడరల్ బ్యాంకు ఇచ్చే స్కేపియా కార్డు చూసుకోవచ్చు, ఫీజు లేదు, విదేశీ కరెన్సీలో ఖర్చు పెడితే వేసే అదనపు ఛార్జీ, అంటే మార్కప్ కూడా లేదు.

ఫీజు ఉండి, ఖర్చుని బట్టి మాఫీ అయ్యేవాటిలో మా దగ్గర ఎక్కువగా కనబడేది ఎస్‌బీఐ సింప్లీక్లిక్. ఫీజు 499, ఏడాదిలో లక్ష ఖర్చు పెడితే మాఫీ. హెచ్‌డీఎఫ్‌సీ మిలీనియాకి 1,000, దానికీ హద్దు లక్షే. ఇవి చెడ్డ కార్డులని నేను అనను, కానీ వీటిని "ఫ్రీ" అని ఎవరైనా చెప్తే ఆ మాట తప్పు. షరతులు బ్యాంకులు ఏడాదికి రెండుమూడుసార్లు సవరిస్తుంటాయి, కాబట్టి అప్లై చేసే రోజున మళ్ళీ ఎంఐటీసీ తెరిచి చూసుకోండి.

నెలకి ఆరేడు వేలే వాడతాను. లక్ష దాటిస్తే ఫీజు మాఫీ అంటున్నారు, తీసుకోమంటారా?

లెక్క వేద్దాం. ఏడాదికి లక్ష అంటే నెలకి 8,334 రూపాయలు. మీరు నెలకి 6,000 చొప్పున వాడితే 72,000 అవుతుంది, ఇంకా 28,000 తక్కువ. కార్డు ఏడాది ముగిసేముందు బ్యాంకు నుంచి "ఇంకో 28,000 ఖర్చు చేయండి, ఫీజు మాఫీ" అని మెసేజ్ వస్తుంది. 589 రూపాయలు మిగుల్చుకోవడానికి 28,000 పెట్టి అవసరం లేని వస్తువు కొనేవాళ్ళని నేను ఒకరిద్దరిని కాదు, చాలామందినే చూశాను. పైగా అద్దె, వాలెట్‌లో వేసుకునే డబ్బు, పెట్రోలు, ఈఎంఐలు ఆ లక్ష లెక్కలోకి రావని చాలా కార్డుల షరతుల్లో ఉంటుంది. మీరు లక్ష దాటేశాను అనుకుంటారు, బ్యాంకు లెక్కలో 81,000 దగ్గరే ఉంటారు.

మీ గత ఆరు నెలల ఖర్చు ఫోన్‌పే, గూగుల్ పే హిస్టరీలో చూసుకోండి. కార్డు మీద పెట్టగలిగే ఖర్చు నెలకి పది వేలు సులువుగా దాటుతుంటేనే మాఫీ కార్డు గురించి ఆలోచించండి. దాటకపోతే లైఫ్‌టైమ్ ఫ్రీ ఒక్కటే మీ దారి.

క్యాష్‌బ్యాక్ మంచిదా, రివార్డ్ పాయింట్లా?

మొదటి కార్డు అయితే కళ్ళు మూసుకుని క్యాష్‌బ్యాక్ తీసుకోండి. "పది రెట్లు పాయింట్లు" అని బోర్డు చూసి మురిసిపోతారు గానీ ఒక పాయింటు విలువ ఎంతో ఎవరూ అడగరు. చాలా ఫీజు లేని కార్డుల్లో అది పావలా, కొన్నింట్లో ఇరవై పైసలు. వంద రూపాయలకి ఒక పాయింటు, పాయింటుకి పావలా అనుకుంటే మీకు దక్కేది పావు శాతం. నెలకి పది వేలు, ఏడాదికి లక్షా ఇరవై వేలు వాడితే 300 రూపాయలు. ఆ పాయింట్లు మార్చుకోవడానికి 99 రూపాయలు, దానిమీద 18 శాతం జీఎస్టీ తీసుకునే కార్డులు ఉన్నాయి, అంటే 117 పోగా చేతికొచ్చేది 183. అదే ఖర్చుకి 1 శాతం క్యాష్‌బ్యాక్ కార్డు 1,200 ఇస్తుంది. పాయింట్లకి గడువు కూడా ఉంటుంది, మర్చిపోతే అవీ పోతాయి.

మా ఖర్చంతా పూర్ణా మార్కెట్‌లో, రైతు బజార్లో. అక్కడ కార్డు మెషీనే ఉండదు, నాకెందుకు క్రెడిట్ కార్డు?

మంచి ప్రశ్న, మా పిన్ని కూడా ఇదే అడిగింది. 2022 నుంచి రూపే (వీసా లాంటిదే, మన దేశపు కార్డు నెట్‌వర్క్) క్రెడిట్ కార్డుని యూపీఐకి కలుపుకోవచ్చు, అంటే క్యూఆర్ స్కాన్ చేసి క్రెడిట్ కార్డు మీద కట్టొచ్చు. వీసా, మాస్టర్‌కార్డ్‌లకి ఈ సౌకర్యం లేదు, కాబట్టి మీ ఖర్చు ఎక్కువగా చిన్న దుకాణాల్లోనే అయితే కార్డు అడిగేటప్పుడే రూపే కావాలని చెప్పండి. పెద్ద బ్యాంకులన్నీ నెట్‌వర్క్ ఎంచుకునే అవకాశం ఇవ్వాలని 2024 సెప్టెంబరు నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధన అమల్లో ఉంది.

ఒక చిక్కు ఉంది. దుకాణదారు క్యూఆర్ వ్యాపార ఖాతాది అయితేనే క్రెడిట్ కార్డు పనిచేస్తుంది. ఎంవీపీ కాలనీ రైతు బజార్లో ఒకే వరుసలో కొత్తిమీర అమ్మే ఆవిడ దగ్గర స్కాన్ చేస్తే డబ్బు వెళ్ళింది, పక్కనే వంకాయల అతని దగ్గర వెళ్ళలేదు. అతను పెట్టింది తన సొంత అకౌంట్ క్యూఆర్, దానికి సేవింగ్స్ ఖాతా నుంచే పంపాలి. స్నేహితులకి, ఇంటి ఓనరుకి నేరుగా పంపడానికి కూడా పనికిరాదు. యూపీఐ మీద పెట్టే ఖర్చుకి క్యాష్‌బ్యాక్ తక్కువ ఇచ్చే కార్డులు ఉన్నాయి, ఆ వరుస కూడా ఎంఐటీసీలో వెతకండి.

నాకు జీతం చేతికిస్తారు, స్లిప్పు ఉండదు. సిబిల్ స్కోరు కూడా లేదు. కార్డు ఇస్తారా?

నేరుగా అడిగితే ఇవ్వడం కష్టం, అప్పులు టైముకి కడతారా లేదా అని బ్యాంకు చూసుకునే మార్కే ఆ సిబిల్ స్కోరు. మీలాంటివాళ్ళకి ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే కార్డు సరైన దారి. పదో ఇరవయ్యో వేలు ఎఫ్‌డీ వేస్తారు, ఆ డిపాజిట్‌లో 75 నుంచి 100 శాతం దాకా లిమిట్ ఇస్తారు, బ్యాంకుని బట్టి మారుతుంది. ఎఫ్‌డీ మీద వడ్డీ మీకు వస్తూనే ఉంటుంది. జీతం పత్రాలు అడగరు, స్కోరు లేకపోయినా ఇస్తారు, ఫీజు లేనివీ ఉన్నాయి. ఐడీఎఫ్‌సీ ఫస్ట్ వాళ్ళ వావ్ కార్డు ఇలాంటిదే. ఏడాది పాటు బిల్లు టైముకి కడితే మీ పేరు మీద మంచి చరిత్ర తయారవుతుంది, ఆ తర్వాత మామూలు కార్డు దొరకడం సులువవుతుంది. పోర్టులో కాంట్రాక్టు మీద పనిచేసే మా బావకి ఇలాగే ఇప్పించాను. మొదట "నా డబ్బు పెట్టి నాకే అప్పు ఇస్తారా, ఇదేం లెక్క?" అన్నాడు. ఇప్పుడు తనే ఇంకో ఇద్దరికి చెప్పాడు.

స్కోరు విషయానికి వస్తే 300 నుంచి 900 మధ్య ఉంటుంది, 750 దాటితే బ్యాంకులు సంతోషంగా ఇస్తాయి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్ అని ఈ స్కోరు లెక్కగట్టే సంస్థలు నాలుగు ఉన్నాయి, ప్రతి ఒక్కటీ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. స్కోరు చూపిస్తామని డబ్బులు అడిగేవాళ్ళ జోలికి వెళ్ళకండి.

రిజెక్ట్ చేశారు. వేరే బ్యాంకులో వెంటనే పెట్టనా?

ఆగండి. ఎందుకు తిరస్కరించారో కారణం రాతపూర్వకంగా చెప్పాల్సిన బాధ్యత బ్యాంకుది, ముందు అది అడగండి. మీరు పెట్టే ప్రతి అప్లికేషన్ మీ రిపోర్టులో ఎంక్వైరీగా నమోదవుతుంది, ఒకే నెలలో ఐదు చోట్ల పెడితే "ఇతనికి డబ్బు కటకటగా ఉంది" అని ఆరో బ్యాంకు అనుకుంటుంది. మూడు నాలుగు నెలలు ఆగి, ఆ కారణం సరిచేసుకుని, అప్పుడు మీ జీతం పడే బ్యాంకులోనే మొదట అడగండి.

ఫీజు లేదు కదా, నాలుగైదు తీసుకుని పెట్టుకుంటే తప్పేంటి?

ఫీజు లేకపోయినా గడువు తేదీలు ఉంటాయి. నాలుగు కార్డులంటే నాలుగు బిల్లులు, నాలుగు తేదీలు, వాటిలో ఒక్కటి మర్చిపోయినా లేట్ ఫీజు, వడ్డీ, స్కోరు దెబ్బ మూడూ ఒకేసారి పడతాయి. రెండు చాలు: ఒకటి రోజువారీ ఖర్చుకి, ఒకటి రూపే యూపీఐకి. లిమిట్‌లో 30 శాతం దాటకుండా వాడితే స్కోరుకి మంచిది, యాభై వేల లిమిట్ ఉంటే పదిహేను వేల లోపు అన్నమాట.

మినిమం డ్యూ కడితే సరిపోతుందా? లేట్ ఫీజు పడదంటున్నారు కదా.

ఇది ఎవరు అడిగినా నేను కూర్చోబెట్టి కాగితం మీద లెక్క వేసి చూపిస్తాను, ఎందుకంటే ఏడాది ఫీజు గురించి ఇంత వెతికే మనం అసలు డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే.

మీరు డాబాగార్డెన్స్‌లో 24,000 పెట్టి ఫ్రిజ్ కొన్నారు. బిల్లు వచ్చింది, మినిమం డ్యూ, అంటే ఆ నెల కనీసం కట్టాల్సింది, 5 శాతం, 1,200 రూపాయలు. అది కట్టారు, లేట్ ఫీజు పడలేదు, హమ్మయ్య అనుకున్నారు. మిగిలింది 22,800. వడ్డీ నెలకి 3.5 శాతం అనుకుందాం, చాలా కార్డుల్లో ఇంచుమించు అంతే ఉంటుంది. ఒక నెలకి 798 రూపాయలు, దానిమీద జీఎస్టీ 144, మొత్తం 942. వచ్చే నెల మీరు మళ్ళీ 1,200 కడితే అందులో 942 వడ్డీకే పోతుంది, ఫ్రిజ్ అప్పు తగ్గేది 258 మాత్రమే. అంత వడ్డీ కట్టీ ఫ్రిజ్ ఇంకా బ్యాంకుదే అన్నట్టు ఉంటుంది.

అంతటితో అయిపోలేదు. వడ్డీ లెక్క గడువు తేదీ నుంచి మొదలవదు, కొన్న రోజు నుంచే మొదలవుతుంది. పాత బాకీ ఉన్నన్నాళ్ళూ కొత్తగా కొన్న పాల ప్యాకెట్టుకి కూడా వడ్డీ లేని గడువు ఉండదు, కొన్న రోజు నుంచే వడ్డీ. 3.5 శాతం అంటే చిన్నగా వినిపిస్తుంది, ఏడాదికి 42 శాతం అది. ఇంతకుముందు 30 శాతం దాటకూడదని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ చెప్పింది గానీ, ఆ తీర్పుని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. కాబట్టి ఆ పరిమితి కూడా ఇప్పుడు లేదు.

ఎప్పుడైనా నిజంగా డబ్బు అందకపోతే ఆ మిగిలిన మొత్తాన్ని ఈఎంఐగా మార్చమని బ్యాంకుని అడగండి, లేదా ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో గోల్డ్ లోన్ తీసుకుని కార్డు బాకీ తీర్చేయండి. రెండూ ఈ 42 శాతం కంటే ఎంతో చవక. ఆటో డెబిట్ పెట్టుకునేటప్పుడు యాప్‌లో "టోటల్ అమౌంట్ డ్యూ", "మినిమం అమౌంట్ డ్యూ" అని రెండు గుండ్రాలు వస్తాయి, టోటల్ దగ్గరే టిక్ ఉందో లేదో చూసి మరీ ఓకే నొక్కండి. మా ఆఫీసులో ఒకతను తెలియకుండానే మినిమం పెట్టుకుని ఐదు నెలలు వడ్డీ కట్టాడు, ప్రతి నెలా ఆటోమేటిగ్గా డబ్బు కట్ అవుతోంది కాబట్టి బిల్లు తీరిపోతోందనే అనుకున్నాడు.

బిల్లు తేదీ మార్చుకోవచ్చా?

మార్చుకోవచ్చు, మార్చే అవకాశం ఇవ్వాలని నిబంధనే ఉంది. బిల్లు తయారైన రోజు నుంచి కట్టడానికి సుమారు పదిహేను నుంచి ఇరవై రోజులు ఉంటుంది. మీకు జీతం ఒకటో తారీఖున పడితే, బిల్లు పదిహేడు, పద్దెనిమిది తారీఖుల్లో వచ్చేలా పెట్టుకోండి, గడువు తర్వాతి నెల మొదటి వారంలో పడుతుంది, జీతం చేతిలో ఉండగానే తీరిపోతుంది. బిల్లు వచ్చిన మర్నాడు పెద్ద వస్తువు కొంటే దాదాపు 45 రోజులు వడ్డీ లేకుండా వాడుకోవచ్చు. ఒక వేళ తేదీ మర్చిపోయినా, గడువు దాటి మూడు రోజులకి మించితేనే లేట్ ఫీజు వేయాలి, అప్పుడే సిబిల్‌కి చెప్పాలి. ఆ మూడు రోజుల్ని అలవాటు చేసుకోకండి, ఏదో బ్యాంకు సర్వర్ మొరాయించిన రోజుకి ఉంచుకోండి.

ఏడాది ఫీజు లేకపోయినా పడే ఛార్జీలు ఏమిటి?

ఏటీఎంలో క్రెడిట్ కార్డుతో డబ్బు తీయడం అన్నిటికంటే పెద్ద తప్పు. సాధారణంగా 2.5 శాతం లేదా 500 రూపాయలు, ఏది ఎక్కువైతే అది, దానికితోడు తీసిన నిమిషం నుంచి వడ్డీ. రెండు వేలు తీసినా ఐదువందలు పోయినట్టే. కొత్త కార్డు పిన్ పెట్టుకునేటప్పుడే యాప్‌లో క్యాష్ విత్‌డ్రాయల్ ఆపేయండి.

అద్దె కార్డు మీద కడితే చాలా బ్యాంకులు 1 శాతం దాకా ఛార్జీ వేస్తాయి. పెట్రోలు బంకులో 1 శాతం సర్‌ఛార్జ్ పడి చాలా కార్డుల్లో తర్వాత వెనక్కి వస్తుంది, దానిమీద పడిన జీఎస్టీ మాత్రం వెనక్కి రాదు. "నో కాస్ట్ ఈఎంఐ" అన్నా ప్రాసెసింగ్ ఫీజు, జీఎస్టీ ఉంటాయి. మన ఊరి నుంచి నేరుగా సింగపూర్ విమానం ఉంది కదా అని టూర్ వేసుకునేవాళ్ళు విదేశీ మార్కప్ చూసుకోండి: మామూలుగా 3.5 శాతం, యాభై వేల ఖర్చుకి 1,750, జీఎస్టీతో కలిపి 2,065. మూడున్నరేళ్ళ ఏడాది ఫీజు దాదాపు ఒక్క ట్రిప్‌లో పోయినట్టు.

ఎయిర్‌పోర్టు లాంజ్ ఉంటే బాగుంటుంది కదా?

ఏడాదికి ఒకటి రెండుసార్లు విమానం ఎక్కేవాళ్ళు దీనికోసం కార్డు ఎంచుకోవద్దు. ఇప్పుడు చాలా కార్డుల్లో అంతకుముందు మూడు నెలల్లో ఇంత ఖర్చు పెట్టి ఉంటేనే లాంజ్ లోపలికి రానిస్తున్నారు.

మా ఆవిడకి యాడ్-ఆన్ కార్డు తీసుకోవచ్చా?

చాలా కార్డులకి ఉచితంగానే ఇస్తారు. లిమిట్ ఇద్దరికీ కలిపే ఉంటుంది, బిల్లు మీ పేరు మీదే వస్తుంది, బాధ్యతా మీదే. అయితే ఆవిడ స్కోరు దీనితో పెరుగుతుందని అనుకోకండి. ఆవిడకంటూ సొంత చరిత్ర కావాలంటే పైన చెప్పిన ఎఫ్‌డీ కార్డు ఆవిడ పేరు మీద తీసుకోవడమే మేలు.

"మీ కార్డుని లైఫ్‌టైమ్ ఫ్రీ చేస్తాం, ఓటీపీ చెప్పండి" అని ఫోన్ వచ్చింది. నిజమేనా?

కాదు. ఏ బ్యాంకూ ఫోన్ చేసి ఓటీపీ అడగదు. ఫీజు మాఫీ, లిమిట్ పెంపు, పాయింట్ల గడువు అయిపోతోంది, ఈ మూడు మాటలతోనే ఎక్కువగా మోసం చేస్తున్నారు, తెలుగులో చక్కగా "అండీ, గారూ" అంటూ మాట్లాడతారు. ఆ ఫోన్ పెట్టేసి, కార్డు వెనక ఉన్న నంబరుకి మీరే ఫోన్ చేయండి. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే బ్యాంకుకి చెప్పి కార్డు బ్లాక్ చేయించి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆలస్యం చేసిన కొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

అడగకుండానే ఇంటికి కార్డు వస్తే కంగారు పడకండి, యాక్టివేట్ మాత్రం చేయకండి. అడగని కార్డు పంపడమే నిబంధనలకి విరుద్ధం. ఇచ్చిన 30 రోజుల్లోపు యాక్టివేట్ కాకపోతే బ్యాంకు మిమ్మల్ని ఓటీపీ ద్వారా అనుమతి అడగాలి, మీరు ఒప్పుకోకపోతే ఏ ఛార్జీ లేకుండా ఏడు పనిదినాల్లో మూసేయాలి. ఆ అనుమతి ఓటీపీని మీరే బ్యాంకు యాప్‌లోనో సైటులోనో వేస్తారు తప్ప ఎవరికీ నోటితో చెప్పరు.

ఫీజు పడిపోయింది. ఇప్పుడేం చేయాలి?

మొదట ఫోన్ చేసి మాఫీ చేయమని అడగండి, కార్డు బాగా వాడుతున్నవాళ్ళకి చాలాసార్లు వెనక్కి ఇస్తారు. ఇవ్వనంటే అదే బ్యాంకులో ఫీజు లేని కార్డుకి మార్చమని అడగండి, పాత ఖాతా వయసు పోకుండా ఉంటుంది. అదీ కుదరకపోతే మూసేయండి. బాకీ మొత్తం కట్టి, పాయింట్లు వాడేసుకుని, ఆటో డెబిట్‌లు, ఓటీటీ సబ్‌స్క్రిప్షన్‌లు తీసేసి, అప్పుడు యాప్‌లో గానీ మెయిల్‌లో గానీ క్లోజ్ రిక్వెస్ట్ పెట్టండి. రిక్వెస్ట్ నంబరు రాసుకోండి. బాకీ ఏమీ లేకపోతే ఏడు పనిదినాల్లో మూయాలి, ఆ తర్వాత ఆలస్యమైన ప్రతి రోజుకీ 500 రూపాయలు మీకే కట్టాలి. చాలామందికి ఈ సంగతి తెలియక "ప్రాసెస్‌లో ఉంది సార్" అన్న మాట విని నెలల తరబడి తిరుగుతుంటారు.

నా కార్డు అలాగే మూయించాను. ఎనిమిదో రోజు మెయిల్‌లో ఆ 500 గురించి రెండు లైన్లు రాశాను, మర్నాడు పొద్దున్నే క్లోజ్ అయినట్టు మెసేజ్ వచ్చింది. మీకు అలా రాకపోతే ముందు బ్యాంకుకే ఫిర్యాదు పెట్టండి, 30 రోజుల తర్వాత కూడా జవాబు లేకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు ఒంబుడ్స్‌మన్‌కి, అంటే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అధికారికి ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు, దానికి రుసుము లేదు, లాయరు అక్కర్లేదు. ఎలా పెట్టాలో తెలియకపోతే 14448కి ఫోన్ చేస్తే చెప్తారు. క్లోజ్ అయిన కార్డు మీ సిబిల్ రిపోర్టులో కూడా "క్లోజ్డ్" అని మారిందో లేదో రెండు నెలల తర్వాత చూసుకుని, అప్పుడు కార్డుని చిప్ మీదుగా ముక్కలు చేసి పారేయండి.